పగలని గుడ్లు: కుదేలైన ఒక బ్రాకన్ కల్చరు కేసు

"సార్, ఆడవి సగం కూడా రావడం లేదు. ఏ సీసా తీసినా మగవే మగవి." ల్యాబు బాధ్యుడు ఫోనులో చెప్పింది ఇంతే. నేను పెద్దగా కంగారు పడలేదు. పంట పురుగులను చంపడానికి బ్రాకన్ కందిరీగలను పెంచే చోట ఇది తరచూ వినబడే ఫిర్యాదు, దీనికి తరచూ ఇచ్చే జవాబు కూడా ఒకటి ఉంది. ఆడవి మగవాటితో కలవకముందే వాటిని గొంగళి పురుగుల మీదికి వదిలేస్తుంటారు. కలవని ఆడది గుడ్లు పెట్టకుండా ఉండదు, కానీ ఆ గుడ్ల నుంచి వచ్చేవన్నీ మగవే. అందుకే అక్కడికక్కడే సలహా ఇచ్చేశాను: గూళ్ల నుంచి బయటికి వచ్చిన వాటిని రెండు రోజులు తేనె చుక్కలతో కలిపి ఉంచండి, మగవాటి సంఖ్య కాస్త పెంచండి, ఆ తర్వాతే పురుగులు ఇవ్వండి.

ఈ కేసులో మొదటి తప్పు నాదే. ఆ సలహాతో రెండు నెలలు పోయాయి. బ్రాకన్ లెక్కలో రెండు నెలలంటే అయిదు తరాలు.

ఈ కందిరీగ పూర్తి పేరు బ్రాకన్ హెబెటర్. పాత శాస్త్ర గ్రంథాల్లో హాబ్రోబ్రాకన్ అని కనబడుతుంది. ఒళ్లంతా కలిపి మూడు మిల్లీమీటర్లు ఉంటే గొప్ప. ఆడది ఎదిగిన గొంగళి పురుగును కుట్టి, విషంతో కదలకుండా చేసి, దాని చర్మం మీద గుడ్లు పెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పగులుతాయి. పిల్లలు బయటి నుంచే పురుగును పీల్చేసి, మిగిలిన తొక్క పక్కనే తెల్లటి గూళ్లు అల్లుకుంటాయి. 28 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి రెక్కల కందిరీగ దాకా పది పన్నెండు రోజులు పడుతుంది. నిల్వ ధాన్యంలో పెరిగే కోర్సైరా చిమ్మట పురుగుల మీద సులభంగా పెరుగుతుంది కాబట్టి ప్రపంచమంతటా దీన్ని పెంచి పొలాల్లోకి వదులుతారు.

నేను వెళ్లిన ల్యాబులో పద్ధతి అందరూ పాటించేదే. వెడల్పు మూతి గాజు సీసాలో కందిరీగలను వేసి, మూతికి పల్చటి గుడ్డ బిగిస్తారు. దాని మీద కోర్సైరా పురుగులు పరిచి, పైన ఇంకో గుడ్డ వేసి రబ్బరు బ్యాండు తొడుగుతారు. కందిరీగలు కింది నుంచి గుడ్డ గుండానే పురుగులను కుట్టి, గుడ్డ గుండానే గుడ్లు పెడతాయి. పని శుభ్రంగా ఉంది, గదిలో వేడి సరిగ్గా ఉంది, పురుగులు బలంగా ఉన్నాయి. తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

దారి చూపింది సీసాలు చూసుకునే ఆవిడ. చాలా ఏళ్లుగా ఆ గదిలోనే పని చేస్తున్న మనిషి. "మగవి ఎక్కువ వస్తున్నాయన్నది ఒకటి సార్. దానికంటే ముందు ఇది చూడండి" అని, మత్తు పడ్డ ఒక పురుగును పటకారుతో తీసి భూతద్దం కింద పెట్టారు. పురుగు వీపు మీద పదకొండు గుడ్లు. ఏడు పగిలి, సన్నటి పిల్లలు తలలు పురుగు చర్మంలోకి దించి ఉన్నాయి. నాలుగు మాత్రం అలాగే, కాస్త ముడుచుకుపోయి, పెట్టినచోటే పడి ఉన్నాయి. "ఇవి గుడ్లుగానే ఉండిపోతాయి. రేపు చూసినా ఇంతే." అన్ని పురుగుల మీదా ఇలాగే ఉందా అని అడిగాను. "అదే సార్ విచిత్రం. కొన్నిటి మీద అన్నీ పగులుతాయి. కొన్నిటి మీద ఇలా."

కలవని ఆడది పెట్టిన గుడ్డు ఆరోగ్యమైన గుడ్డే. అది పగులుతుంది, మగది వస్తుంది. అంటే తప్పు కలయిక లోపంలోనే ఉంటే మగవి పెరగాలి కానీ గుడ్లు పాడవకూడదు. ఇక్కడ రెండూ జరుగుతున్నాయి. నేను ఫోనులో అడగవలసిన ప్రశ్న గుడ్ల గురించి. అడగలేదు.

బ్రాకన్‌లో ఆడా మగా ఎలా తేలుతాయో చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. చీమల్లో, తేనెటీగల్లో లాగే దీనిలోనూ ఫలదీకరణ జరగని గుడ్డు ఒకే సెట్టు క్రోమోజోములతో, అంటే పదింటితో, మగదవుతుంది. ఫలదీకరణ జరిగిన గుడ్డుకు ఇరవై క్రోమోజోములు, అది ఆడదవుతుంది. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు మెలిక తర్వాత ఉంది. క్రోమోజోములు ఇరవై ఉన్నాయి కాబట్టి ఆడది కావడం లేదు. ఒక ప్రత్యేకమైన జన్యుస్థానంలో తల్లి నుంచి వచ్చిన రూపం, తండ్రి నుంచి వచ్చిన రూపం వేరువేరుగా ఉంటేనే ఆడదవుతుంది. రెండూ ఒకటే అయితే ఇరవై క్రోమోజోములున్నా మగదే. దాన్ని ద్వయస్థితిక మగది అంటారు. బ్రాకన్‌లో ఇలాంటి గుడ్లు చాలా మటుకు పగలనే పగలవు. బతికి బయటపడిన కొన్నీ సంతతి పరంగా దాదాపు పనికిరానివి. వాటితో కలిసిన ఆడదానికి కూతుళ్లు పుట్టడం అరుదు, పుట్టినవి మూడు సెట్ల క్రోమోజోములతో గొడ్డువిగా మిగులుతాయి. అమెరికా జన్యుశాస్త్రవేత్త పి.డబ్ల్యు. వైటింగ్ ఈ కందిరీగ మీదే ఏళ్ల తరబడి పని చేసి, 1943లో ఆ ఒక్క స్థానానికే తొమ్మిది రూపాలున్నాయని చూపించాడు. పుస్తకాలు వీటిని యుగ్మవికల్పాలంటాయి, నేను రూపాలనే అంటాను. తేనెటీగలో ఈ పని చేసే జన్యువు 2003లో దొరికింది.

ఇప్పుడు ఆవిడ చూపించిన పురుగు దగ్గరికి వద్దాం. లెక్క తేలిగ్గా ఉండటానికి పన్నెండు గుడ్లు అనుకుందాం. వాటిలో ఎనిమిదింటికి ఫలదీకరణ జరిగింది, నాలుగింటికి లేదు. తల్లిదండ్రుల రూపాలు వేరైతే ఎనిమిది ఆడవి, నాలుగు మగవి వస్తాయి. తండ్రి దగ్గరున్న రూపం తల్లి దగ్గరున్న రెండింటిలో ఒకటైతే, ఆ ఎనిమిదిలో సగానికి రెండు వైపుల నుంచీ ఒకే రూపం వస్తుంది. నాలుగు గుడ్లు పగలవు. మిగిలేవి నాలుగు ఆడవి, నాలుగు మగవి. పురుగు మీద చూస్తే మూడో వంతు గుడ్లు పాడు, సీసాలో చూస్తే రెండుకు ఒకటిగా ఉండాల్సిన ఆడా మగా సరిసమానం. ఒకే లోపం రెండు చోట్ల రెండు వేషాల్లో కనబడుతుంది. ల్యాబు బాధ్యుడు సీసాలు లెక్కపెడతాడు కాబట్టి ఒకటి చూశాడు, ఆవిడ పురుగులను చూస్తారు కాబట్టి రెండోది చూశారు.

మగవాటిని పెంచమన్న నా సలహా ఇక్కడ ఎంత నష్టం చేసిందో కూడా చెప్పాలి. బతికిన ద్వయస్థితిక మగవి మామూలు మగవాటిలాగే ఆడవాటి వెంట పడతాయి, కలుస్తాయి. వాటితో కలిసిన ఆడది పైకి కలిసినట్టే, లెక్కకు మాత్రం కలవనట్టే. మగవాటిని పెంచడమంటే వీటికీ వాటా పెంచడమే.

అనుమానాన్ని పరీక్షతో తేల్చుకోవాలి కదా. ల్యాబుల్లో కణాల్లోని డీఎన్ఏ మోతాదు కొలిచి ద్వయస్థితిక మగవాటిని పట్టుకుంటారు. వైటింగ్ కాలంలో అయితే నారింజ రంగు కళ్ల తల్లిని మామూలు నల్ల కళ్ల తండ్రితో కలిపేవారు. మామూలు కొడుకులకు తండ్రి లేడు కాబట్టి వాటి కళ్లు తల్లివే, నారింజే. నారింజ రంగు అంతర్గత లక్షణం, అంటే తండ్రి నుంచి నల్ల రంగు కూడా వస్తే అది బయటికి కనబడదు. నల్ల కళ్లతో కొడుకు పుట్టాడంటే వాడికి తండ్రి కూడా ఉన్నాడన్నమాట. నాకు ఈ ప్రయోగం అంటే చచ్చేంత ఇష్టం, కానీ మా దగ్గర నారింజ కళ్ల సంతతి లేదు, డీఎన్ఏ కొలిచే యంత్రమూ లేదు. భూతద్దం, గాజు గొట్టాలు, ఓపిక మాత్రం ఉన్నాయి.

గూళ్లను ఒక్కొక్కటిగా విడదీసి ఒక్కో గొట్టంలో వేశాం. అలా బయటికి వచ్చిన ఆడవి ఏ మగదాన్నీ చూసి ఉండవు. ఆడదాన్ని గుర్తించడం కష్టం కాదు: వెనక గుడ్లు పెట్టే ముల్లు ఉంటుంది, మీసాలు మగదాని మీసాలకంటే పొట్టిగా ఉంటాయి. పన్నెండు ఆడవాటిని అలాగే ఒంటరిగా ఉంచాం. ఇంకో పన్నెండింటికి తలా ఒక మగదాన్ని ఇచ్చి, కలయిక కళ్లారా చూసి, మగదాన్ని తీసేశాం. తర్వాత ఒక్కో ఆడదానికి ఒకటే పురుగు. గుడ్లు పెట్టిన కొన్ని గంటల్లోనే ఆడదాన్ని బయటికి తీయాలి. బ్రాకన్‌కు పురుగు మీద ఉన్న గుడ్లను చిదిమేసే అలవాటు ఉంది. ఆ జాగ్రత్త తీసుకోకపోతే పగలని గుడ్డు పుట్టుకతో పాడైందో, పొడిస్తే పాడైందో చెప్పలేం.

ఒంటరి ఆడవాటి గుడ్లు ఇంచుమించు అన్నీ పగిలాయి. అంటే గదిలో వేడికి, తేమకు, పురుగుల ఆరోగ్యానికి దోషం లేదు. కలిసిన పన్నెండింటిలో ఏడింటి గుడ్లు కూడా అలాగే పగిలాయి. మిగతా అయిదింటి దగ్గర మాత్రం ప్రతి పురుగు మీదా ఇంచుమించు మూడో వంతు గుడ్లు ముడుచుకుపోయాయి. నన్ను ఒప్పించింది ఈ తేడానే. తిండి బాగోలేకపోతేనో, రోగం తగిలితేనో అన్ని తల్లుల దగ్గరా కొంచెం కొంచెం పాడవుతుంది. ఇక్కడ కొందరు తల్లుల దగ్గర ఏమీ లేదు, కొందరి దగ్గర మూడో వంతు, మధ్యస్థంగా ఎవరూ లేరు. ఇలా నిట్టనిలువుగా చీలేది జన్యువుల లెక్కే.

కల్చరులో ఎన్ని రూపాలు మిగిలాయో కూడా దీని నుంచి ఉజ్జాయింపుగా చెప్పవచ్చు. రూపాలన్నీ సమానంగా ఉన్న గుంపులో యాదృచ్ఛికంగా కలిసిన జంటల్లో, రూపాల సంఖ్యతో రెండును భాగిస్తే వచ్చేంత వంతు పొసగని జంటలు, అంటే తండ్రి రూపం తల్లి రూపాల్లో ఒకటైన జంటలు అవుతాయి. ఇరవై రూపాలుంటే పదింటిలో ఒక జంట, నాలుగే ఉంటే సగం జంటలు. మా దగ్గర పన్నెండింటిలో అయిదు. ఇంత చిన్న పరీక్షతో పక్కాగా చెప్పలేం కానీ, నాలుగుకూ ఆరుకూ మధ్య ఎక్కడో ఉన్నాం.

అన్నేసి వేల కందిరీగలున్న గదిలో రూపాలు అయిదుకు ఎలా దిగిపోయాయి? జవాబు రిజిస్టరులో దొరికింది. ఈ కల్చరును మూడేళ్ల కిందట ఒకే ధాన్యపు గోదాములో పట్టిన అయిదు ఆడవాటితో మొదలుపెట్టారు. ఆడదాని దగ్గర తనవి రెండు రూపాలు, తాను దాచుకున్న వీర్యంలో ఒకటి, మొత్తం మూడు. అయిదింటికీ కలిపి మహా అయితే పదిహేను. ఒకే గోదాములో దొరికినవి కాబట్టి అక్కాచెల్లెళ్లు ఉండే అవకాశం ఎక్కువ, అసలు సంఖ్య అంతకంటే తక్కువే అయి ఉంటుంది. ఇది ఆరంభం. ఆ తర్వాత రెండో ఏడు ఒక పేజీలో, వేరే చేతిరాతతో, ఒకే వాక్యం: "కరెంటు పోయి గది వేడెక్కింది, ఒక సీసా మిగిలింది, దాని నుంచే మళ్లీ పెంచాం." కింద సంతకం, తేదీ. తర్వాతి పేజీ నుంచి అంకెలు మళ్లీ వేలల్లోకి వెళ్లిపోయాయి. రిజిస్టరు చూసిన ఎవరికైనా ఆ నెల ఒక చిన్న ఆటంకంలాగే కనబడుతుంది.

ఆ సీసాలో బతికినవి పది ఆడవి, నాలుగు మగవి అనుకుందాం. తండ్రి లేకుండా మగవి పుట్టే జీవుల్లో జన్యుపరంగా పనిచేసే జనాభాను లెక్కగట్టడానికి ఒక సూత్రం ఉంది. ఆడ, మగ సంఖ్యల లబ్ధాన్ని తొమ్మిదితో గుణించి, నాలుగు రెట్ల మగ, రెండు రెట్ల ఆడ సంఖ్యల మొత్తంతో భాగించాలి. మూడు వందల అరవైని ముప్పై ఆరుతో భాగిస్తే పది. అలాంటి తరం ఒక్కోటి గడిచినప్పుడల్లా ఉన్న వైవిధ్యాన్ని ఆ పదికి రెట్టింపుతో భాగించినంత, అంటే ఇరవయ్యో వంతు, పోతుంది. ఆ లెక్క మామూలు జన్యువులది. లింగాన్ని తేల్చే రూపాలకు కొంత రక్షణ ఉంది: అరుదైన రూపం ఉన్నదానికి పొసగని జంట దొరికే అవకాశం తక్కువ కాబట్టి అది నిలదొక్కుకుంటుంది. కానీ ఆ సీసాలో అసలు లేని రూపానికి ఏ రక్షణా లేదు. తర్వాత వేలు పెంచినా, లక్షలు పెంచినా అది తిరిగి రాదు.

పైగా ల్యాబులో ఇంకో అలవాటు ఉంది. తర్వాతి తరానికి విత్తనంగా ఎప్పుడూ అందరికంటే ముందు తెరుచుకున్న ఒకటి రెండు సీసాలనే వాడేవారు. పని త్వరగా అవుతుంది మరి. ఆ సీసాలో ఉన్నవి చాలా వరకు తోబుట్టువులే. ప్రకృతిలో బ్రాకన్ దీనికి ఒక జాగ్రత్త తీసుకుంటుంది. ఒకే పురుగు మీద కలిసి పెరిగిన అన్నాచెల్లెళ్లు ఒకదానితో ఒకటి కలవడానికి వెనుకాడి, చెదిరిపోతాయని 1995లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. మూతికి గుడ్డ కట్టిన సీసాలో చెదిరిపోవడానికి చోటెక్కడ? అన్నాచెల్లెళ్లు కలిస్తే, తల్లిదండ్రుల రూపాలు మూడూ వేరైనా సరే, సగం జంటలు పొసగవు.

ఇది ఎక్కడికి దారి తీస్తుందో 2005లో జాయెద్, ప్యాకర్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టి చూపారు. రూపాలు తగ్గితే ఆడవి తగ్గుతాయి, ఆడవి తగ్గితే జనాభా చిన్నదవుతుంది, చిన్న జనాభాలో ఇంకొన్ని రూపాలు జారిపోతాయి. దీనికి వాళ్లు సుడిగుండం అని పేరు పెట్టారు. మా కల్చరు సుడిలోకి జారిందనే నా అభిప్రాయం. చేతులెత్తేసే స్థితికి మాత్రం ఇంకా రాలేదు.

మందు తెలిసిందే: బయటి నుంచి కొత్త రక్తం. ఎలా ఎక్కించాలన్నదే ప్రశ్న. ఒకచోటి నుంచే వంద తేవడం కంటే ఒకదానికొకటి దూరంగా ఉన్న అయిదు చోట్ల నుంచి తలా కొన్ని తేవడం మేలు. జల్లెడ మూత ఉన్న చిన్న పెట్టెల్లో కోర్సైరా పురుగులు వేసి పొలాల్లో, ధాన్యపు నిల్వల దగ్గర వేలాడదీశాం. బ్రాకన్ వాసన పట్టి వచ్చి కుడుతుంది. మత్తు పడ్డ పురుగులను తెచ్చి వేరే గదిలో ఉంచాం. పట్టి తెచ్చినవి నేరుగా పాత సీసాల్లో కలిపేద్దామని ల్యాబు బాధ్యుడు తొందరపడ్డాడు. ఒక తరం వేరుగా పెరిగితే తప్ప ఒప్పుకోనన్నాను. కందిరీగల మీదే బతికే ఇంకో పరాన్నజీవి వాటితోపాటు వస్తే ఉన్న కల్చరు కూడా పోతుంది.

ఆ జాగ్రత్త ఇంకో రకంగా పనికొచ్చింది. అయిదు చోట్ల సంతతిలో నాలుగు మా పాత ఆడవాటితో చక్కగా కలిశాయి. కొత్త తండ్రులు కాబట్టి రూపాలు వేరు, గుడ్లు పగిలాయి, ఆడవి దండిగా వచ్చాయి. అయిదో చోటు మగవాటితో కలిపిన గొట్టాల్లో ఒక్క ఆడదీ రాలేదు, అన్నీ మగవే. ల్యాబు బాధ్యుడి ముఖం వాడిపోయింది, మళ్లీ అదే రోగమని. ఆవిడ మాత్రం పురుగును భూతద్దం కింద పెట్టి, "గుడ్లన్నీ పగిలాయి సార్" అన్నారు. గుడ్లన్నీ పగిలి, వచ్చినవన్నీ మగవైతే అసలు ఫలదీకరణే జరగలేదన్నమాట. మీసాలు, రెక్కలు జాగ్రత్తగా చూపిస్తే గుర్తింపు నిపుణుడు అది వేరే జాతి బ్రాకన్ అని తేల్చాడు. పైకి చూస్తే రెండింటికీ తేడా పట్టడం కష్టం. దాన్ని తీసేశాం.

నాలుగు కొత్త సంతతులు, పాతదాంతో కలిపిన రెండు, మొత్తం ఆరు గుంపులు చేసి ఆరు అరల్లో పెట్టాం. ప్రతి తరంలో ఒకటో గుంపు మగవి రెండో గుంపుకు, రెండోదానివి మూడోదానికి, చివరిదానివి మొదటిదానికి. ఆడవి కదలవు. ఒక అర పోయినా అయిదు ఉంటాయి, ఒక అరలో జారిన రూపం పక్క అరలో ఉంటుంది. విత్తనానికి ముందు తెరుచుకున్న సీసా అనే అలవాటు మాన్పించి, ప్రతి సీసా నుంచీ కొన్ని తీసి కలపడం అలవాటు చేశాం. రెండు తరాల్లోనే పగలని గుడ్లు అరుదైపోయాయి, సీసాల్లో ఆడవాటిదే పైచేయి అయింది. పొలంలో ఫలితం కూడా మెరుగైందని రైతులు అన్నారు. అది మా గొప్పేనని నేను అనను. ఆ పంటకాలంలో పురుగు ఉద్ధృతే వేరు.

అదే ల్యాబులో ట్రైకోగ్రామా కార్డులు, అంటే ఆ కందిరీగ గుడ్లు పెట్టిన చిమ్మట గుడ్లను అంటించిన అట్టలు, కూడా తయారవుతాయి. దానికీ ఇదే చేద్దామా అని అడిగారు. వద్దన్నాను. ట్రైకోగ్రామా కూడా పరాన్నజీవి కందిరీగే, దానిలోనూ ఫలదీకరణ లేని గుడ్డు మగదే. కానీ రూపాలు కలిస్తే మగది అయ్యే ఈ మెలిక దానికి లేదు. అన్నాచెల్లెళ్లు కలిసినా ఆడవే పుడతాయి. అలాంటి జాతులకు ఒక్కో తల్లి నుంచి ఒక్కో వంశాన్ని వేరువేరుగా నడిపి, పొలంలోకి వదిలే ముందు కలపమని కొందరు సూచిస్తారు. ప్రతి వంశం లోపల వైవిధ్యం అడుగంటినా, వంశాల మధ్య అది భద్రంగా ఉంటుంది. మంచి ఉపాయమే. బ్రాకన్‌కు అదే చేస్తే ఏడాది తిరక్కముందే సీసాలు ఖాళీ. కొన్ని ట్రైకోగ్రామా వంశాల్లో ఊల్బాకియా బ్యాక్టీరియా వల్ల మగవి లేకుండానే ఆడవి పుడుతుంటాయి. యాంటీబయాటిక్ ఇస్తే మళ్లీ మగవి కనబడతాయని 1990లోనే చూపారు. కాబట్టి ఆడా మగా నిష్పత్తి చెడిందనగానే జాతి ఏదో అడగకుండా వైద్యం మొదలుపెట్టకూడదు. ఫోనులో జాతి తెలిసి కూడా నేను తప్పు చేశాను, అది వేరే సంగతి.

ల్యాబు బాధ్యుడు ఇంకొకటి అడిగాడు: ఆడవి సరిగ్గా వస్తున్నాయి కదా, ఇక వైవిధ్యం గోల ఎందుకు? దానికి న్యూజిలాండ్ ఉదాహరణ చెప్పాను. అక్కడి పచ్చిక బయళ్లను పాడుచేసే అర్జెంటీనా కాండపు ముక్కుపురుగు మీదికి 1991లో మైక్రోక్టోనస్ హైపరోడీ అనే కందిరీగను దక్షిణ అమెరికా నుంచి తెచ్చి వదిలారు. మొదట బ్రహ్మాండంగా పని చేసింది. ఏడేళ్ల తర్వాత పట్టు సడలడం మొదలైంది. ముక్కుపురుగు ఆడా మగా కలిసి ప్రతి తరంలో జన్యువులను కొత్తగా కలుపుకుంటుంది. ఈ కందిరీగలో మగవి లేవు, ఆడవే ఆడవాటిని కంటాయి. ఒకటి మారుతూ పోతుంటే రెండోది నిలబడిపోయింది. 2017లో వచ్చిన విశ్లేషణ దీన్నే కారణంగా చూపింది. మన బ్రాకన్‌లో జన్యువులు కలవగలవు, కానీ కలపడానికి గుంపులో ఏదైనా ఉండాలి కదా.

పాత కల్చరును పారేయలేదు. రెండు సీసాలు వేరుగా ఉంచి, దానిలో కొత్తవి కలపకుండా, పాత పద్ధతిలోనే నడపమన్నాను, పోల్చి చూడటానికి. ఆవిడ రిజిస్టరులో చేత్తో గీసి ఒక గడి పెంచారు: "పగలని గుడ్లు". ఆరు అరల వరుసల్లో ఆ గడి దాదాపు ఖాళీ. పాత సీసాల వరుసలో అంకె తరం తరానికీ పెరుగుతూ వచ్చింది. మొన్న నేను వెళ్లేసరికి ఒక సీసా ముందే పోయింది. రెండోదానిలో గూళ్లు తెరిస్తే పద్నాలుగు వచ్చాయి, పద్నాలుగూ పొడుగు మీసాలవే. నాలుగు రోజులు తేనె పెట్టి చూశారు. అయిదో రోజు ఆవిడ సీసా కడిగి, బోర్లించి, ఎండలో పెట్టారు.